కోటేశ్వర నామార్థము



మన అచ్చంపేట బజారులో నిలబడి "కోటేశ్వరరావు గారూ" అని ఒక్క కేక వేసిన, ఇద్దరు ముగ్గురైనను వెనుదిరిగి చూచెదరు. "కోటయ్యా" అనిన మరి నలుగురు పలుకుదురు. కోటిరెడ్డి, కోటప్ప, త్రికోటేశ్వరరావు, కోటిలింగం, కోటమ్మ, కోటేశ్వరమ్మ, కోటిరత్నం, ఇట్లు ఒక్క నామమే కులభేదము లేక, ధనిక దరిద్ర భేదము లేక, స్త్రీ పురుష భేదము లేక ఈ సీమలోని ఇండ్లను నిండియున్నది. మనము సహస్రనామ పారాయణము చేయుదుము, ఒక్కొక్క నామమునకు భాష్యము విందుము. మనయింట ప్రొద్దున లేచినది మొదలు నూరుమారులు పిలుచుకొను పేరునకు అర్థమేమని మాత్రము అడుగము. నేటి ప్రసంగమున మేము ఆ పనికి పూనుకొనుచున్నాము.

ఒక ప్రాంతపు వారి పేర్లు వినిన ఆ ప్రాంతపు దేవాలయములు తెలియును. శుభలేఖ క్రింద వ్రాసిన బంధువుల పేర్లు చదివి, వీరు ఏ కొండకు మ్రొక్కువారో, ఏ రేవున స్నానమాడువారో పెద్దలు ఇట్టే చెప్పెడివారు. పానకాలరావు, పానకాలు అని వినిన మంగళగిరి నృసింహుడు కన్నులకు కట్టును. ఆ స్వామి భక్తుడు సమర్పించిన పానకమును స్వీకరించువాడు గనుక ఆ పేరు వచ్చినది. చెన్నకేశవులు అనిన మాచర్ల, అమరేశ్వరరావు అనిన అమరావతి, భావనారాయణ అనిన బాపట్ల పొన్నూరులు, మల్లేశ్వరరావు అనిన పెదకాకాని లేక బెజవాడ, రామలింగేశ్వరరావు అనిన వినుకొండ తలపునకు వచ్చును. కృష్ణ దాటి ఆవలి గట్టునకు పోయిన పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి పేరు, ఆమె భర్త గోపయ్య పేరు ఇంటింట వినబడును. క్షేత్రములు కొండలపైనను, నదీతీరములందును ఉన్నవి. వాని నామములు మనుష్యుల రూపమున నడచుచు ఊరూర తిరుగుచున్నవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనది. ఆ నరసరావుపేట చెంతనున్న కోటప్పకొండయే నేడు మనము విచారించు నామమునకు జన్మస్థానము.

మొదట 'నామ' శబ్దమునే విచారింతము. సంస్కృతమున ఇది 'నామన్' శబ్దము. వైయాకరణులు దీనిని 'మ్నా' ధాతువునుండి సాధించిరి. ఆ ధాతువునకు అభ్యాసము, అనగా మరల మరల ఆవర్తనము చేయుట అని అర్థము. మరల మరల పలుకబడునది నామము. వేదమునకు 'ఆమ్నాయము' అని పేరు కలదు. ఆ శబ్దమునకును ఇదియే ధాతువు. పాఠశాలలో మేము ఒక్క పనసను పదులమారులు వల్లించితిమి. గురువుగారు చాలుననువరకు ఆపుటకు వీలులేకుండెను. ఆవృత్తి లేనిచో వేదము నిలువదు. అట్లే పిలువనిచో పేరును నిలువదు. తల్లి తన బిడ్డను దినమునకు నూరుమారులు పిలుచుటయు ఒక అధ్యయనమే. ఆమె ఏ శబ్దమును ఆవర్తనము చేయుచున్నదో అదియే ఆ యింటి ఆమ్నాయము.

పేరెందులకు పెట్టవలెను? గుర్తుపట్టుటకే గదా అని కొందరందురు. శతపథ బ్రాహ్మణము ఆరవ కాండమున దీనికి లోతైన సమాధానము కలదు. సృష్ట్యాదియందు ఒక కుమారుడు జన్మించెను. పుట్టినంతనే రోదనము చేయసాగెను. ప్రజాపతి అతనిని చూచి, ఎందులకేడ్చుచున్నావని అడిగెను. నాకు పేరు లేదు, కావున నన్ను పాప్మ విడువలేదు, నాకొక పేరు పెట్టుమని ఆ శిశువు కోరెను. రోదించినవాడు గనుక ప్రజాపతి అతనికి రుద్రుడని పేరు పెట్టెను. చాలదు, ఇంకను పెట్టుమనెను. శర్వుడు, పశుపతి, ఉగ్రుడు, అశని, భవుడు, మహాదేవుడు అని వరుసగా పేర్లు పెట్టి, ఎనిమిదవదిగా ఈశానుడని పెట్టెను. అప్పటికి ఆ బాలుడు తృప్తి చెందెను. కావున పుట్టిన బిడ్డకు పేరు పెట్టవలెను, దానిచేత వానికి పాప్మ తొలగును, రెండవ పేరు, మూడవ పేరు కూడ పెట్టవచ్చునని శ్రుతి చెప్పుచున్నది.

ఇచట రెండు విషయములు మనస్సున ఉంచుకొనవలెను. మొదటిది, లోకమున పేరుకొరకు ఏడ్చిన మొదటి శిశువు సాక్షాత్తు శివుడే. రెండవది, ఆయనకు తృప్తి కలిగించిన పేరు ఈశానుడు. ఈశానుడు, ఈశ్వరుడు అను రెండు శబ్దములకును ఐశ్వర్యార్థకమైన 'ఈశ' ధాతువే మూలము. మనము ఒక శిశువును కోటేశ్వరుడని పిలిచినపుడు, ఆనాడు ప్రజాపతి ఏడ్చు బాలునకు చివరగా ఇచ్చిన శబ్దమునే ఉయ్యాలలోని బిడ్డకును ఇచ్చుచున్నామన్నమాట.

పేరు పెట్టు విధానమును గృహ్యసూత్రములు చెప్పుచున్నవి. ఆపస్తంబ మహర్షి మతమున పదవ దినమున తల్లి లేచి స్నానము చేసిన పిమ్మట తండ్రి పుత్రునకు నామకరణము చేయవలెను. పేరు రెండక్షరములుగాని నాలుగక్షరములుగాని కలదై యుండవలెను. ఘోషాక్షరముతో, అనగా గ, జ, ద, బ మొదలగు నాదముగల వర్ణముతో మొదలు కావలెను. నడుమ య, ర, ల, వ లలో ఒకటి యుండవలెను. ఆడుబిడ్డకు బేసి అక్షరముల పేరు విధింపబడినది. జన్మనక్షత్రమునుబట్టి వచ్చు పేరు వేరుగా ఉండును. దానిని రహస్యముగా ఉంచవలెనని చెప్పబడినది. నేడు మనవారు పదునొకండవ దినమున పుణ్యాహవచనముతోపాటుగాని, ఇరువదియొకటవ దినమున బారసాలనాడుగాని ఈ సంస్కారము జరుపుచున్నారు. పళ్ళెరములో బియ్యము పోసి బంగారు ఉంగరముతో తండ్రి పేరు వ్రాయుట మీరందరు చూచినదే.

మన కోటేశ్వర నామమును ఈ నియమములకెదుట పెట్టి చూతము. కో, టే, శ్వ, ర: అక్షరములు నాలుగు. సరిసంఖ్య కుదిరినది. వకార రేఫములు ఉన్నవి, అదియు బాగున్నది. కాని మొదటి అక్షరము కకారము. అది ఘోషాక్షరము కాదు. ఆ ఒక్క విషయమున సూత్రనియమము కుదురలేదు. ఇంతేకాదు, మానవ గృహ్యసూత్రము దేవతను ఆశ్రయించిన పేరు పెట్టవచ్చుననుచు, దేవత పేరునే ప్రత్యక్షముగా పెట్టుటను నిషేధించినది. ఒక మనుష్యుని ఒరేయని, రారాయని పిలుచునపుడు దేవతానామమును అట్లు వాడుట అపచారమగునేమోయని ఆ మహర్షులు శంకించి యుండవచ్చును. శాస్త్రము చదివినవారము గనుక ఉన్నదున్నట్లు చెప్పుట మా ధర్మము.

అట్లైన మన పెద్దలు తప్పు చేసిరా? చేయలేదు. సంప్రదాయము ఈ సందేహమునకు రెండు మార్గములు చూపినది. ఒకటి, దేవతానామమునకు దాస, దత్త, ప్రసాద, శర్మ, రావు, అయ్య వంటి పదమును చేర్చుట. అపుడు పేరు దేవతను ఆశ్రయించినదగును, మనుష్యుడు ఆ దేవతకు చెందినవాడగును. రెండవది భక్తిమార్గము. శ్రీమద్భాగవతము ఆరవ స్కంధమునందలి అజామిలుని కథ మీరెరిగినదే. కన్యాకుబ్జపు బ్రాహ్మణుడతడు. దారి తప్పి చెడినవాడు. పదిమంది కొడుకులలో కడగొట్టువానికి నారాయణుడని పేరు పెట్టుకొనెను. అవసానకాలమున యమభటులను చూచి భయపడి కొడుకును పిలిచెను. ఆ పిలుపునకు విష్ణుదూతలు వచ్చిరి. అజామిలుడు జీవితమంతయు చేసిన అపరాధములలో అతనిని కాచినది, కొడుకునకు పెట్టిన ఒక్క పేరు. ఈ కథ ఇంటింట చెప్పుకొన్న పిమ్మట తల్లిదండ్రులు దేవుని పేరు పెట్టుటకు జంకలేదు. మరణవేళ నోట ఏ పేరు వచ్చునో ఎవరెరుగుదురు? మనుమని పిలిచినను దేవుని పిలిచినట్లగు ఉపాయము వారు చేసుకొనిరి.

ఇక శబ్దార్థము. కోటేశ్వర శబ్దమును మనవారు మూడు విధములుగా విడదీయుదురు. కోటి అనగా నూరు లక్షలు, కోటిమంది దేవతలకు ఈశ్వరుడని కొందరు. కోట అనగా దుర్గము, దుర్గమునకు అధిపతియని కొందరు. కూటము అనగా శిఖరము, శిఖరములకు ఈశ్వరుడని మరికొందరు. వ్యాకరణమును అడుగుదము. కోటి శబ్దమునకు ఈశ్వర శబ్దము చేరిన సవర్ణదీర్ఘసంధి జరిగి కోటీశ్వరుడగును. కోటేశ్వరుడు కాజాలడు. కోటీశ్వరుడనిన లోకవ్యవహారమున ధనవంతుడు. పాఠశాల రికార్డులలో, రేషను కార్డులలో కోటేశ్వరరావును కోటీశ్వరరావుగా వ్రాయుట మనము చూచుచునే యున్నాము. ఆ ఒక్క గుణింతపు మార్పుతో కొండమీది దేవుడు బ్యాంకులోని సొమ్మగుచున్నాడు. అకారాంతమైన శబ్దమునకు ఈశ్వర శబ్దము చేరిననే గుణసంధి జరిగి ఏకారము వచ్చును. కూటమునకు ఈశ్వరుడు కూటేశ్వరుడు. మూడు కూటములు గలది త్రికూటాద్రి, దాని ప్రభువు త్రికూటేశ్వరుడు. జనుల వాడుకలో కూటము కోటమై త్రికోటేశ్వరుడు, కోటేశ్వరుడు, కోటప్ప, కోటయ్య అయినాడని పెద్దల నిర్ణయము. చిత్రకూటము, హేమకూటము అనుచోట్ల ఉన్న కూటమే ఇది. కోటి శబ్దమునకు కూడ కొన అను అర్థము సంస్కృతమున కలదు. రామేశ్వరము వద్దనున్న ధనుష్కోటికి వింటికొన అని అర్థము. ఏ దారిన పోయినను కొనకు, శిఖరమునకే చేరుదుము.

ఈ నామము మన సీమకే పరిమితము కాదు. గుజరాతులో కచ్ తీరమున నారాయణ సరోవరము చెంత కోటేశ్వర క్షేత్రము కలదు. రావణుని చేతినుండి జారిన శివలింగము అనేక లింగములుగా కనబడెననియు, అతడు అసలు లింగమును గుర్తింపలేకపోయెననియు అచటి కథ. అచట కోటి శబ్దమునకు సంఖ్యార్థమే ప్రధానము. కర్ణాటకమున కుందాపురము వద్ద కోటేశ్వరము కలదు. మన తెలుగునాట రాజమహేంద్రవరమున కోటిలింగాల రేవు ప్రసిద్ధము. ఆయా స్థలముల అర్థము ఆయా స్థలములకు తగియున్నది. మనకు మాత్రము కంటికెదురుగ మూడు శిఖరములు నిలిచియుండ వేరొక అర్థముతో పనిలేదు.

పేరు చివరనున్న రావును చూతము. సంస్కృతపు రాజ శబ్దము ప్రాకృతమున రాయ అయి, రాయలు, రాయుడు, రావు అయినది. ఆర్య శబ్దము అయ్యగా మారినది. అప్ప అనగా తండ్రి. కావున కోటేశ్వరరావు అనినను, కోటయ్య అనినను, కోటప్ప అనినను గౌరవమున భేదము లేదు. రాజు, పూజ్యుడు, తండ్రి అను మూడు మర్యాదలవి. కొందరు యువకులు కోటయ్య అను పేరు పల్లెటూరి పేరని సిగ్గుపడుచున్నారు. ఆర్య శబ్దము చివరనుండగా సిగ్గుపడవలసిన పనియేమి? విదేశములకు పోయిన మనవారి పేర్లలో ఈ చివరి పదమే వంశనామమై కూర్చుండుచున్నది. గణాంకశాస్త్రమున జగత్ప్రసిద్ధులైన కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు (1920-2023) లోకమున ప్రొఫెసర్ రావు గానే వ్యవహరింపబడిరి. వారు తల్లిదండ్రులకు ఎనిమిదవ సంతానము. దేవకికి అష్టమగర్భమున శ్రీకృష్ణుడు జన్మించినట్లు పుట్టినవాడని ఆ పేరు పెట్టిరి. పాశ్చాత్యులు రావు అను కొసనే పట్టుకొనిరి. ఇంటివారికి మాత్రము ఆ పేరులో అష్టమగర్భపు స్మృతి దాగియున్నది.

ఈ నామమును ధరించినవారు ఎన్ని మార్గముల నడచిరో చూడుడు. మన కాలమున ప్రవచనములతో లక్షలమందికి పురాణార్థములు వినిపించుచున్న శ్రీ చాగంటి కోటేశ్వరరావు గారిది ఈ నామమే. సాలూరి రాజేశ్వరరావు గారి కుమారుడు, సినిమా సంగీత దర్శకుడు కోటి గారి పూర్తి పేరు కోటేశ్వరరావే. శ్రీమతి కొండపల్లి కోటేశ్వరమ్మ గారు (1918-2018) దేవాలయములతో పనిలేని ఉద్యమమార్గమున నడచి, తొంబది యేండ్లు దాటిన పిమ్మట తన జీవితకథను 'నిర్జన వారధి' అను గ్రంథముగా 2012లో వెలువరించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు నూరేండ్లు ఆమెతో నడచినది. ఎవరే మార్గమున పోయినను పేరు చేయి విడువలేదు.

ఇపుడు క్షేత్రమహిమకు వత్తము. కోటప్పకొండను ఏ దిక్కునుండి చూచినను మూడు శిఖరములు కనబడునని ప్రసిద్ధి. అవి బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరములు. రుద్రశిఖరమున పాత కోటేశ్వరస్వామి, బ్రహ్మశిఖరమున మనమిపుడు సేవించు కోటేశ్వరస్వామి వెలసియున్నారు. విష్ణుశిఖరమున పాపవినాశనము కలదు. దక్షయజ్ఞము ధ్వంసమైన పిమ్మట పరమేశ్వరుడు బాలవటువు రూపమున దక్షిణామూర్తియై ఇచట తపస్సు చేసెనని స్థలపురాణము. బ్రహ్మచారి గనుక ఇచట కల్యాణోత్సవము జరుగదు. ధ్వజస్తంభమును లేదు. మర్రిచెట్టు నీడ కూర్చుండి మౌనముతో జ్ఞానము బోధించిన మేధాదక్షిణామూర్తియే ఈ స్వామి.

ఆ కొండక్రింది కొండకావూరున సునందుడను యాదవుని కుమార్తె ఆనందవల్లి. మనము గొల్లభామయని కొలుచు తల్లి. ఆమె ప్రతిదినము రుద్రశిఖరమెక్కి అచట జంగమరూపమున నున్న స్వామికి సేవ చేసెడిది. ఎండలను, శ్రమను లెక్కింపలేదు. ఆమెచేత సేవ మాన్పింపవలెనని స్వామి ఆమెను గర్భవతిని చేసెను. అయినను ఆమె మానలేదు. నిండుభారముతో కొండ యెక్కుటయు కష్టమై, స్వామీ, నీవే మాయింటికి రావలెనని వేడెను. స్వామి అంగీకరించి, నీవు ముందు నడువుము, నేను వెంట వచ్చెదను, వెనుదిరిగి చూచితివా అచటనే నిలిచిపోయెదనని చెప్పెను. ఆమె నడచెను. బ్రహ్మశిఖరము చేరునప్పటికి వెనుక భయంకరమైన ధ్వనులు వినబడగా ఓపలేక తిరిగి చూచెను. స్వామి అచటనే నిలిచి లింగరూపుడయ్యెను. ఆమె ఆ స్వామియందే ఐక్యమయ్యెను. సాలంకయ్య యను భక్తుడు అచట ఆలయము కట్టించెనని చెప్పుదురు. నేటికిని కొండకు పోవువారు గొల్లభామను కూడ దర్శించుకొందురు.

ఈ కథను మేము చిన్ననాటినుండి వినుచున్నాము. ఆలోచించిన కొలది ఒక విషయము తోచుచున్నది. స్వామి ఆ భక్తురాలి ఇంటికి బయలుదేరెను, సగము దారిలో నిలిచిపోయెను. ఆయన అడుగు ఆ యింటి గడప త్రొక్కలేదు. కాని ఆయన నామము ఆగలేదు. అది కొండ దిగినది. కొండకావూరు చేరినది, యెల్లమంద చేరినది, నరసరావుపేట, సత్తెనపల్లి దాటి మన అచ్చంపేట వరకు వచ్చినది. ఆనందవల్లి ఇంటికి రావలసిన స్వామి ఈనాడు కోటయ్యయై, కోటేశ్వరరావై వేలకొలది ఇండ్లలో ఉయ్యాలలూగుచున్నాడు. గొల్లభామ కోరిక ఈ విధముగా తీరినదని మేము భావించుచున్నాము.

మహాశివరాత్రికి చుట్టుప్రక్కల ఊళ్ళనుండి ఆకాశమంటు ప్రభలు కట్టుకొని జనులు కొండకు పోవుదురు. "చేదుకో కోటయ్యా" యని కేకలు వేయుదురు. ఆ మాటను గమనించితిరా? కాపాడుమని అనలేదు, కరుణింపుమని అనలేదు. చేదుకొమ్మనిరి. చేదుట యనగా బావిలోనుండి చేంతాడుతో కడవను పైకి లాగుట. ఇది పండితులు కూర్చిన మాట కాదు. మెట్టపొలముల సీమలో, లోతు బావులలోనుండి నీరు తోడి తాగినవారి నోట పుట్టిన మాట. సంసారమను బావిలో అడుగున మేమున్నాము, శిఖరమున నీవున్నావు, తాడు వేసి లాగుకొనుమని దాని భావము. ఆ తాడేది? నామమే తాడు. దాని పైకొన కొండమీది స్వామి చేతిలో నున్నది. క్రిందికొనను తల్లిదండ్రులు బారసాలనాడు బిడ్డ చేతికిచ్చుచున్నారు. శిఖరమునకు కొన యని అర్థము చెప్పుకొంటిమి గదా! ఆ కొనకు ఈ కొనకు నడుమ బంధమే కోటేశ్వర నామము.

నిన్నటి ప్రసంగానంతరము ఒక పెద్దాయన మమ్ము ప్రక్కకు పిలిచి తన కష్టము చెప్పుకొనిరి. వారి మనుమడు నెలలు నిండకుండ పుట్టెనట. ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో ఉంచినన్ని దినములు ఆయన అన్నము సరిగ తినలేదు. కొండకు పోయి, బిడ్డ బ్రతికి బయటపడిన నీ పేరు పెట్టెదనని మ్రొక్కిరి. బిడ్డ బ్రతికెను. ఇపుడు కొడుకు కోడలు సెల్‌ఫోనులో వెదకి రెండక్షరముల పేరొకటి నిశ్చయించిరి. కోటేశ్వరరావు అనిన తోటిపిల్లలు నవ్వుదురని వారి మాట. బారసాల దగ్గరపడినది, తండ్రీ కొడుకులకు మాటలు లేవు. మ్రొక్కు తప్పిన బిడ్డకేమగునోయని ఆ పెద్దాయన భయము. ఇది ఒక్క యింటి సమస్య కాదు గనుక వారి అనుమతితోనే దీనికి సమాధానము సభలో చెప్పుచున్నాము.

పేరు పెట్టు అధికారమును సూత్రకారుడు తండ్రికిచ్చెను. తాత మ్రొక్కు తాతను బంధించును. తనది కాని అధికారమును ఎవరును మ్రొక్కులో సమర్పింపజాలరు. కావున కొడుకు మాటకు విలువ ఈయవలసినదే. అట్లని మ్రొక్కును గాలికి వదలుటయు తగదు. దీనికి మార్గము శాస్త్రమే చూపినది. నామకరణమున నాలుగు పేర్లు చెప్పబడినవి. కులదేవతా నామము, మాసనామము, నక్షత్రనామము, వ్యావహారిక నామము. బియ్యములో తండ్రి కులదేవతా నామముగా కోటేశ్వర యని వ్రాయవలెను. లోకమున పిలుచు పేరుగా తాము కోరిన దానిని వ్రాసికొనవచ్చును. రెండవ పేరు, మూడవ పేరు పెట్టవచ్చునని శ్రుతియే చెప్పుచుండగా సందేహమెందులకు? కొండమీది స్వామి బాలవటువు. పుట్టిన శిశువుమీద పేరు కొరకు కోపము తెచ్చుకొనువాడు కాడు. తాతగారూ, మీరు భయపడవలదు. మీ మ్రొక్కు పళ్ళెరములోని బియ్యమునందే చెల్లును. కాని ఒక పని మీదే. ఆ పేరును మీరు పిలువవలెను. వ్రాసి పిలువని పేరు అటకమీద పెట్టిన చేంతాడు. మనుమని ఒడిలో కూర్చుండబెట్టుకొని, కోటయ్యా యని దినమునకు పదిమారులు పిలువుడు. పదియేండ్లు పిలిచిన ఆ పేరును రికార్డులలో లేదని ఎవరును తుడిచివేయజాలరు.

ఆ తల్లిదండ్రులకును ఒక మాట. మీరు కోరిన పేరునకు అర్థమేమో తెలిసికొనుడు. వినసొంపుగా ఉన్నదని, ఎవరికిని లేదని, ఏ భాషకును చెందని శబ్దమును బిడ్డకు తగిలించుచున్నవారు నేడు పలువురు. రేపు ఆ బిడ్డ, అమ్మా నా పేరునకు అర్థమేమని అడిగిన ఏమి చెప్పుదురు? సంఖ్యాశాస్త్రమని ఇంగ్లీషు అక్షరమొకటి ఎక్కువ చేర్చుటకు వేలు వెచ్చించువారు, అర్థము కొరకు ఒక్క పూట విచారింపరాదా? చిన్న పేరు కావలెననిన శాస్త్రము వలదనలేదు. రెండక్షరముల పేరును సూత్రకారుడే చెప్పెను. భవ, శర్వ, రుద్ర యనునవి రెండక్షరములే. కొత్తదనము తప్పు కాదు, శూన్యము తప్పు. పూర్వము పిల్లలు దక్కని ఇండ్లలో పెంటయ్య, పుల్లయ్య యని పేర్లు పెట్టెడివారు. మృత్యుదేవత కన్ను పడకుండుటకు బిడ్డను పెంటమీద దొర్లించి, ఎంగిలి విస్తరిలో పెట్టి ఆ పేర్లు పెట్టిరి. వినుటకు మోటుగా ఉన్నను ఆ పేర్ల వెనుక ఒక తల్లి కన్నీరున్నది. అర్థమున్న మోటు పేరు, అర్థము లేని నాజూకు పేరు కంటె మేలు.

ఇక ఈ నామమును ఇప్పటికే ధరించిన వారికొక విన్నపము. మీ పేరు మేధాదక్షిణామూర్తి పేరు. ఆయన ఇచ్చునది మేధ, ఆయన బోధ మౌనము. కోటేశ్వరరావను పేరుగల తండ్రి తన బిడ్డ చదువు మాన్పించిన, ఆ పేరు ధరించినవాడు నోటికి వచ్చినట్లు దుర్భాషలాడిన, కొండమీది స్వామికి అపకీర్తి తెచ్చినట్లే. ఒక పేదబిడ్డకు పుస్తకములు కొనియిచ్చుట, కోపము వచ్చినపుడు ఒక్క గడియ మౌనము వహించుట, ఈ రెండును మీ నామమునకు మీరు చేయు అభిషేకములు. ఆ పేరువారిని పిలుచు మనకును ధర్మము కలదు. కోటిగాడని, కోటిగాయని విరిచి పిలువకుడు. మానవ గృహ్యసూత్రకారుడు దేవతానామమును పెట్టవలదనుటకు కారణము మన నాలుకయే కావచ్చును. ఆ భయము నిజము కాకుండ చూచుకొనుట మన చేతిలోనున్నది.

చివరగా, నామమే సర్వమని మేము చెప్పుచున్నామని తలపకుడు. ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయమున నారదుడు సనత్కుమారుని ఆశ్రయించి, నాలుగు వేదములు మొదలు సమస్త విద్యలు చదివితిని, అయినను శోకము తీరలేదనెను. నీవు చదివినదంతయు నామమే, నామమును ఉపాసింపుమని సనత్కుమారుడు మొదట చెప్పెను. నామము కంటె అధికమేమని నారదుడు అడిగెను. అచటనుండి వాక్కు, మనస్సు, సంకల్పము అని మెట్టు మెట్టుగా ఎక్కించి, తుదకు భూమ యను అనంతవస్తువును చూపెను. మెట్టు మెట్టు ఎక్కుట కోటప్పకొండ వారికి క్రొత్త కాదు. నామము మొదటి మెట్టు. దానిమీద కాలు మోపనివానికి శిఖరము లేదు. దానిమీదనే కూర్చున్నవానికిని శిఖరము లేదు.

మీయింట ఎవరినైనను కోటయ్యా యని పిలుచునపుడు ఒక్క క్షణము మూడు శిఖరములను తలచుకొనుడు. పలికినవారికిని, పిలువబడినవారికిని ఆ త్రికూటేశ్వరుడు మేధను, ఆయువును, శాంతిని ప్రసాదించుగాక!

స్వస్తి.